తోకచుక్క ఫోటోకి ట్రాకర్ ఉండాల్సిందేనా, కిట్ లెన్స్ చాలదా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు)
నా దగ్గర సెకండ్‌హ్యాండ్ డీఎస్ఎల్ఆర్, దాంతో వచ్చిన 18-55 మి.మీ. కిట్ లెన్స్, ఒక తేలికపాటి ట్రైపాడ్ ఉన్నాయి. ఈసారి మంచి తోకచుక్క వస్తే తీయాలని గట్టిగా ఉంది. మా ఫోటోల గ్రూపులో ఒక పెద్దాయన "ట్రాకర్ (ఆకాశంతో పాటే కెమెరాను మెల్లగా తిప్పే మోటారు) లేకుండా దాని జోలికి పోవద్దు, చుక్కలన్నీ గీతలుగా పడతాయి" అని తేల్చేశారు. ట్రాకర్ రేటు చూస్తే నా కెమెరా కన్నా ఎక్కువ ఉంది. నిజంగా కొనాల్సిందేనా?

టవర్‌క్లాక్ (అనంతపురం)
ఆయన చెప్పింది నిజమే తమ్ముడూ. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, నీ కెమెరా కదలకపోయినా ఆకాశం కదులుతూనే ఉంటుంది. ట్రాకర్ ఉంటే షట్టర్‌ను ఒకటి రెండు నిమిషాలు తెరిచిపెట్టొచ్చు, ఐఎస్ఓ (వెలుతురును కెమెరా పెంచి చూపే సెట్టింగ్) తగ్గించొచ్చు, తోక చివరిదాకా వస్తుంది. లేకపోతే మిగిలేది గ్రెయినే, అంటే ఫోటో నిండా గరుకు చుక్కలే.

ఏడురోడ్లు (కడప)
అన్నా, ఆ మాట నేను ఒప్పుకోను. గీతలు పడతాయా లేదా అన్నది లెన్స్‌ను బట్టి ఉంటుంది. మన చిన్న సెన్సార్ కెమెరాలకు ఫోకల్ లెంగ్త్‌ను (లెన్స్ మీద ఉండే 18, 55 అంకెలు) ఒకటిన్నరతో హెచ్చించి, 500ను దాంతో భాగిస్తే గీతలు పడకుండా షట్టర్ ఎన్ని సెకన్లు తెరవొచ్చో తెలుస్తుంది. 18 దగ్గర 18 సెకన్లు, 55 దగ్గర 6 సెకన్లు వస్తుంది, ఇంకాస్త జాగ్రత్తపడి 12, 4 అనుకుందాం. 2024 అక్టోబర్‌లో వచ్చిన సుచిన్‌షాన్-అట్లాస్ లాంటి వెలుగున్న తోకచుక్కకు ఐఎస్ఓ 1600 పెడితే ఆ 4 సెకన్లే చాలు. కిట్ లెన్స్‌లో 55 దగ్గర అడ్డంగా 24 డిగ్రీల ఆకాశం పడుతుంది, అంత పొడుగు తోకకు అదే సరైన కొలత, కింద కొండ కూడా ఫ్రేములోకి వస్తుంది.

ఇంకో సంగతి ఎవరూ చెప్పడం లేదు. ట్రాకర్‌ను ధ్రువ నక్షత్రానికి గురిపెట్టి సరిచేయాలి. మన అక్షాంశం ఎంతో అది అంత ఎత్తులోనే ఉంటుంది, కడపలో పద్నాలుగున్నర డిగ్రీలు, కర్నూలులో దాదాపు 16. ఉత్తరం వైపు ఒక గుట్ట ఉన్నా, కాస్త దుమ్ము లేచినా కనపడదు. పైగా పూర్తిగా చీకటి పడితే గానీ అది తేలదు, సుచిన్‌షాన్ సాయంత్రం కనపడిన మొదటి రోజుల్లో ఆ చీకటి వచ్చిన కాసేపటికే పడమటి కొండల వెనక్కి దిగిపోయేది. ట్రాకర్ సరిచేసుకుంటూ కూర్చుంటే ఇక తీసేది ఎప్పుడు?

ఫోటోలు పాడయ్యేది ఎక్కువగా ఫోకస్ దగ్గర. కిట్ లెన్స్ రింగు మీద ఇన్ఫినిటీ గుర్తు ఉండదు, రింగు కూడా వదులుగా ఉంటుంది. ఆటో ఫోకస్ ఆపేసి, లైవ్ వ్యూలో (కెమెరా వెనక స్క్రీన్ మీద) బాగా వెలిగే చుక్కను పదింతలు పెద్దది చేసి, అది సూదిమొనంత అయ్యేదాకా మెల్లగా తిప్పి, అక్కడే రింగుకు టేపు అంటించాలి. 2024లో శుక్రుడు అదే పడమట ఉన్నాడు కాబట్టి పని సులువైంది. బటన్ నొక్కినప్పుడు అదరకుండా 2 సెకన్ల టైమర్ పెట్టుకో, తేలిక ట్రైపాడ్‌కు నీళ్ల బాటిలో, రాళ్ల సంచో వేలాడదీయి. ఇక గ్రెయిన్ అంటారా, వరసగా 16 ఫోటోలు తీసి డీప్‌స్కైస్టాకర్‌లో కలిపితే నాలుగో వంతుకు తగ్గుతుంది. ఆ సాఫ్ట్‌వేర్ ఉచితం.

టవర్‌క్లాక్ (అనంతపురం)
లెక్క బాగుంది, కానీ నువ్వు తీసుకున్న ఉదాహరణ బాగా వెలిగినది. 2025 అక్టోబర్‌లో లెమన్ అనే తోకచుక్క వచ్చింది. దీపావళి అమావాస్య రోజుల్లోనే భూమికి దగ్గరగా వచ్చింది, వెన్నెల అడ్డం లేదు, అయినా టౌన్‌లో టపాకాయల పొగలో మామూలు కంటికి ఆనలేదు. అలాంటిదాన్ని 4 సెకన్లు తీస్తే తల దగ్గర పచ్చదనం వస్తుందేమో గానీ, వెనక సన్నగా పోయే నీలం తోక రాదు. ఆ తోక దుమ్ము కాదు, విద్యుదావేశమున్న వాయువు, వెలుతురు చాలా తక్కువ. దానికి నిమిషాలు కావాలి.

ఏడురోడ్లు (కడప)
నీలం తోక సంగతి ఒప్పుకుంటా. 200 లెన్స్ వాడేవాళ్లకు కూడా ట్రాకర్ కావాలి, అక్కడ లెక్క రెండు సెకన్లు కూడా రాదు. కానీ లెమన్‌ను మింగింది పొగ, వీధి లైట్లు. టౌన్‌లో నిలబడి రెండు నిమిషాలు షట్టర్ తెరిస్తే ఆ లైట్లు కూడా రెండు నిమిషాలు లోపలికి వస్తాయి కదా అన్నా! ఆ డబ్బులో కొంచెం పెట్రోలుకు పెట్టి గండికోట దాటి అవతలికో, తమ్ముడైతే ఓర్వకల్లు దాటి లోపలి ఊళ్ల వైపో పోతే అదే కెమెరా వేరేలా పనిచేస్తుంది. హైవేకి దూరంగా, పడమర దిక్కున గాలిమరల ఎర్ర లైట్లు లేని చోటు ముందే పగలు పోయి చూసి రావాలి.

టవర్‌క్లాక్ (అనంతపురం)
చీకటి ముందు, సామాను తర్వాత, అంతవరకు సరే. మంచి చీకట్లో నిలబడ్డాక మాత్రం ట్రాకర్ ఉన్నవాడి ఫోటోకి, లేనివాడి ఫోటోకి తేడా ఉంటుంది. ఆ మాట మీదే ఉన్నా.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)
ఇద్దరికీ థ్యాంక్స్ అన్నా. ట్రాకర్ ఇప్పుడు కొనను. ఈ శనివారం ఓర్వకల్లు వైపు పోయి ఫోకస్, టేపు, 16 ఫోటోలు కలపడం మామూలు చుక్కల మీదే నేర్చుకుంటా. జేపెగ్‌లో తీస్తే చాలా, రా (RAW, కెమెరా మార్పులు చేయని ఫైలు) ఫార్మాట్‌లో తీయాలా?

ఏడురోడ్లు (కడప)
రా ఫార్మాట్‌లోనే తీయి. జేపెగ్‌లో కెమెరా గ్రెయిన్ తుడుస్తూ సన్నటి తోకను కూడా తుడిచేస్తుంది. బ్యాటరీ ఇంకొకటి పెట్టుకో.