న్యూరల్ క్రెస్ట్ కణాలు బయటికి రావట్లేదు, నాలుగోసారి. ఎవరైనా చెప్పండి ప్లీజ్

కోడిపిండం22:
నిన్న పొద్దున పదింటికి కూర్చుంటే రాత్రి ఒంటిగంట అయింది. కోడి పిండం తల భాగం నుంచి న్యూరల్ ట్యూబ్ (తర్వాత మెదడు, వెన్నుపాము అయ్యే గొట్టం) కోసి డిష్‌లో పెట్టాను. దాన్ని వదిలి బయటికి నడిచి వెళ్లే కణాలే న్యూరల్ క్రెస్ట్. డిష్‌కి ఫైబ్రోనెక్టిన్ అనే సెల్ అడ్హిషన్ మాలిక్యూల్ (కణాల్ని అతికించే అణువు) ముందే పూశాను. పన్నెండు గంటలైనా ఒక్క కణం కూడా నడవలేదు. ముక్క ఉండలా చుట్టుకుని, డిష్ కదిపితే అటూ ఇటూ తేలుతోంది. కణాల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే కాడ్హెరిన్ ప్రోటీన్ తగ్గితేనే కణాలు విడిపోయి వలస వెళ్తాయంటారు కదా, నా వాటిలో తగ్గట్లేదా? ప్రొటోకాల్‌లో ఉన్నది ఉన్నట్టే చేశాను. శుక్రవారం గైడ్‌కి చూపించాలి.

పాతల్యాబ్:
పిండం ఏ స్టేజి? ఏ మీడియం (కణాలు పెంచే పోషక ద్రవం)?

కోడిపిండం22:
33 గంటల గుడ్లు సార్. మీడియం మామూలుదే.

సోమైట్‌లెక్క:
తమ్ముడూ, దయచేసి గంటలు రాయొద్దు. హాంబర్గర్, హామిల్టన్ 1951లో కోడి పిండం ఎదుగుదలకి స్టేజీలు పెట్టిందే ఈ గొడవ తీర్చడానికి. మన ఎండల్లో గుడ్ల ట్రే బల్ల మీద ఉంటే చాలు, ఇంక్యుబేటర్‌లోకి వెళ్లకముందే పిండం ఎదుగుతుంది. ఒకే ట్రేలో ఒకదానికి 5 జతల సోమైట్లు (న్యూరల్ ట్యూబ్‌కి రెండు పక్కలా వరసగా ఏర్పడే కణాల ముద్దలు), పక్కదానికి 11 ఉండటం నేను చూశాను. తల భాగం క్రెస్ట్ కావాలంటే స్టేజి 9, అంటే దాదాపు 7 జతలు. బాగా దాటిపోతే కణాలు అప్పటికే ట్యూబ్ వదిలి వెళ్లిపోయి ఉంటాయి, మీరు కోసేది ఖాళీ ట్యూబ్. గుడ్లు వచ్చిన రోజే 15 డిగ్రీల దగ్గర పెట్టండి. ప్రతి పిండానికీ సోమైట్లు లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాయండి.

మాటలమేడ:
ఒక సవరణ. ఫైబ్రోనెక్టిన్ సెల్ అడ్హిషన్ మాలిక్యూల్ కాదు. అది కణాల బయట పరిచి ఉండే మాత్రిక (మ్యాట్రిక్స్) అనే అల్లికలోది. దాన్ని పట్టుకునే చెయ్యి కణం మీదుండే ఇంటెగ్రిన్ అనే ప్రోటీన్. ఆ చెయ్యి ముఖ్యంగా పట్టేది ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం అనే మూడు అమైనో ఆమ్లాలు వరుసగా ఉన్న చోటు. ఇంకో మాట, తెలుగులో అడ్హిషన్‌ని 'సంశ్లేషణ' అని రాయకండి, ప్రోటీన్ తయారీకి ఆ మాట వాడేశాం. ఫిజిక్స్ పుస్తకాల్లో 'అసంజనం' ఉంది, అదే సరైనది.

గుంటూరుఅక్క:
అసంజనం అంటే పిల్లలకి ఏం అర్థమవుతుందండీ? 'అతుకు అణువు' అంటే పదో తరగతి వాళ్లకీ తెలుస్తుంది.

మాటలమేడ:
అతుకు అంటే ప్యాచ్ అనుకుంటారు. శాస్త్రంలో మాట ఒక్కటే ఉండాలి.

గుంటూరుఅక్క:
సరే, ఈ గొడవ ఇంకోసారి. బాబూ, నువ్వు కాడ్హెరిన్‌ని అనుమానిస్తున్నావు, కానీ నువ్వు రాసిన లక్షణం దానిది కాదు. కాడ్హెరిన్ కణాన్ని పక్క కణానికి పట్టి ఉంచుతుంది, ఇంటెగ్రిన్ నేలకి. కాడ్హెరిన్ తగ్గకపోతే ముక్క డిష్‌కి అతుక్కుని, కణాలు విడిపోకుండా దుప్పటిలా పరుచుకోవాలి. నీ ముక్క తేలుతోంది. అంటే పట్టుకోవడానికి దానికి నేలే లేదు.
కాడ్హెరిన్ అంతా పోవాలన్నది కూడా సగం నిజమే. కోడిలో స్నెయిల్2 అనే ప్రోటీన్ కాడ్హెరిన్-6బి జన్యువును అణచాలి, అప్పుడే కణాలు ట్యూబ్ వదులుతాయి. కానీ కప్ప పిండాల్లో ఎన్-కాడ్హెరిన్ అనే ఇంకో రకం కొంత మిగిలే ఉంటుంది. రెండు కణాలు ఎదురుపడి తగిలితే దాని వల్లే రెండూ వెనక్కి తగ్గి దిశ మార్చుకుంటాయి. ఆ తాకిడి వల్లే గుంపు ఖాళీ ఉన్న వైపుకి నడుస్తుంది. ఇది నాకు ఎన్నిసార్లు చూసినా కొత్తగానే ఉంటుంది.

పాతల్యాబ్:
ఫైబ్రోనెక్టిన్ ఎలా కరిగించారు?

కోడిపిండం22:
ఫ్రీజర్ నుంచి తీసి, తొందరగా కరగాలని వోర్టెక్స్ చేశాను, అంటే మెషిన్ మీద గట్టిగా గిరగిరా కదిపాను. తెల్లటి దారాల్లాంటివి వచ్చాయి. చెత్త అనుకుని టిప్‌తో తీసేసి మిగతాది పూశాను. అది చెప్పాల్సిన విషయం అనుకోలేదు.

పాతల్యాబ్:
ఆ దారాలే ఫైబ్రోనెక్టిన్. మీరు పూసింది దాదాపు ఉత్త బఫర్, అంటే దాన్ని కరిగించిన ద్రవమే. కొత్త వయల్ తీసి 37 డిగ్రీల్లో కదపకుండా వదిలేయండి. మిల్లీలీటరుకి 10 మైక్రోగ్రాములు, గంటసేపు 37లో. ఆరనివ్వొద్దు. పోలికకి పూయని డిష్ ఒకటి పక్కన పెట్టండి.

గుంటూరుఅక్క:
ముక్క పెట్టే ముందు అదే డిష్‌లో కోడి ఫైబ్రోబ్లాస్ట్‌లు (నేల దొరికితే అతుక్కునే కణాలు) కాసిని వేసి చూడు బాబూ. గంటలో కాళ్లు చాపితే పూత బాగున్నట్టు.

సోమైట్‌లెక్క:
సోమైట్లు కూడా లెక్కపెట్టండి.

కోడిపిండం22:
నాలుగు డిష్‌లలో ఒకదాంట్లో వచ్చాయి!! ముక్క చుట్టూ అంచులా, ఒక్కోటి విడివిడిగా. థాంక్స్ అందరికీ. గైడ్ పిలుస్తున్నారు.

సోమైట్‌లెక్క:
మిగతా మూడింటి స్టేజి ఎంత?