పెద్దవాళ్లు వస్తే లేచి నమస్కారం పెట్టాలా, కూర్చునే చెయ్యి చాపితే సరిపోతుందా?

గోదారి గట్టు: మున్సిపల్ ఆఫీసులో 34 ఏళ్ల సర్వీసు నాది. ఇప్పుడు 61, వచ్చే ఏడాది రిటైర్మెంట్. 2019లో వార్డు సచివాలయాలు వచ్చాక పిల్లలు చాలామంది చేరారు. పని బాగా చేస్తారు, కాదనను. నిన్న ఒక సచివాలయానికి వెళ్తే ఒక కుర్రాడు కుర్చీలోంచి లేవకుండా "హాయ్ సార్" అని చెయ్యి చాపాడు. ఎడమచేతిలో ఫోను. నేను చెయ్యి ఇవ్వలేదు. మేం చేరిన రోజుల్లో సూపరింటెండెంట్ గారు గుమ్మంలో కనిపిస్తే పెన్ను పక్కనపెట్టి లేచేవాళ్లం. ఆ మాత్రం ఆశించడం తప్పా?

కాకినాడ కాజా: తప్పు కాదండీ. కనీసం లేవాలి.

వార్డు అడ్మిన్ 19: నేనూ ఆ 2019 బ్యాచే సార్. కౌంటర్ ముందు జనం ఉంటారు. వచ్చిన ప్రతివాళ్లకీ లేస్తూ కూర్చుంటూ ఉంటే పని ఎప్పుడు చేయాలి? అతను చెయ్యి చాపాడు, అదీ మర్యాదే. అందరి ముందు ఆ చెయ్యి అలా గాల్లో వదిలేశారు మీరు.

గోదారి గట్టు: జనం లేరు. మధ్యాహ్నం మూడున్నర. కూర్చునే చాపాడంటున్నాను, ముందు అది చూడండి.

డల్లాస్ తెలుగు: ఇక్కడ పై అధికారిని కూడా పేరు పెట్టే పిలుస్తాం. కానీ చెయ్యి కలపాలంటే లేచి నిలబడటం ఇక్కడా మర్యాదే.

గోదారి గట్టు: అదీ సంగతి.

విశాఖ ఉద్యోగి: 2020 మార్చిలో కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో వేలిముద్ర హాజరు ఆపేశారు. మా దగ్గర చేతులు కలపడం కూడా అప్పుడే పోయింది.

వరంగల్ అక్క: ఆ కరోనా రోజుల్లో నాకు ప్రాణం హాయిగా ఉండేది. బ్యాంకులో పని చేస్తాను. ఒక మేనేజర్ పట్టుకున్న చెయ్యి తొందరగా వదిలేవాడు కాదు. నేను నమస్తే పెడితే "మరీ పాతకాలం మనిషివి" అని అందరి ముందు అన్నాడు. అప్పుడు నాకు 33, ఆయనకు 50 దాటాయి. ఇది తరాల గొడవ అని ఎట్లా అంటారు?

గోదారి గట్టు: చూశారా, నమస్కారమే మేలని ఆవిడా అంటున్నారు.

వరంగల్ అక్క: మీ పక్షాన మాట్లాడలేదు సార్. నమస్తే నా ఇష్టం అన్నాను. ఎవరో లేచి పెట్టాలని అనలేదు.

గోదారి గట్టు: ఈ తరానికి పెద్దా చిన్నా లేదు. ఇంట్లో నేర్పలేదు, అంతే.

వార్డు అడ్మిన్ 19: ఇంటి మాట ఎందుకు ఎత్తారు? మా నాన్న ఊళ్లో తలారి. తహసీల్దార్ ఆఫీసుకి వెళ్తే చెప్పులు గుమ్మం బయట విడిచి, భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని దణ్ణం పెట్టేవాడు. తనకంటే ఇరవై ఏళ్లు చిన్నవాళ్లకి కూడా. వాళ్లు తల కూడా ఊపేవాళ్లు కాదు. నమస్కారం వయసుకే అయితే వాళ్లెందుకు లేవలేదు? మాది ఎస్సీ పేట సార్. నమస్కారం ముట్టుకోకుండానే అయిపోతుంది. చెయ్యి కలపాలంటే ముట్టుకోవాలి. నేను చెయ్యి చాపేది అందుకే. ఆ కుర్రాడిది ఏ ఊరో, ఏ ఇల్లో మీకు తెలుసా?

కాకినాడ కాజా: ఇది నేను ఆలోచించలేదు.

గోదారి గట్టు: ఇంటి మాట అనకుండా ఉండాల్సింది. క్షమించు బాబూ. మా అటెండర్ రోజూ దణ్ణం పెట్టేవాడు, నేను ఫైల్లోంచి తలెత్తని రోజులు చాలా ఉన్నాయి. కానీ నా సంగతీ విను. అన్నీ ఆన్‌లైన్ అయ్యాక నా బల్ల దగ్గరకి ఎవరూ రావట్లేదు. ఏ సందేహమైనా మీలో మీరే వాట్సాప్‌లో తేల్చుకుంటారు. అతను లేవకపోయేసరికి, నన్ను అప్పుడే పంపించేసినట్టు అనిపించింది.

వార్డు అడ్మిన్ 19: అది ముందే చెప్పాల్సింది సార్. అయినా ఆ చెయ్యి మీరు అందుకోవాల్సిందే.

గోదారి గట్టు: లేచి చాపి ఉంటే అందుకునేవాణ్ణి.