వరద నష్టం ఫారంలో అత్తయ్య కొలతల పుస్తకం ఎక్కడ రాయాలి?

వేళచ్చేరి కోడలు:
మాది చెన్నై వేళచ్చేరిలో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపానుకు నడుం లోతు నీళ్లొచ్చాయి, మూడు రోజుల దాకా తియ్యలేదు. ఇప్పుడు మా కాలనీ సంఘం వాళ్లు 2015 నుంచి ఎవరికెంత నష్టం వచ్చిందో రాసిమ్మంటున్నారు, అన్నీ కలిపి అధికారులకు ఇస్తారట. ఫారంలో మూడే గడులు: వస్తువు, ధర, బిల్లు ఉందా లేదా. ఫ్రిజ్ రాశాను, పరుపులు రాశాను, తర్వాత చెయ్యి ఆడలేదు.

మా అత్తయ్య ఇంట్లోనే జాకెట్లు కుడతారు. మెషిన్ మోటారు పోయింది, సరే, దానికో ధర ఉంది. కానీ పదకొండేళ్లుగా రాసుకున్న కొలతల పుస్తకం నాని ముద్దయిపోయింది, ఇంకు కారిపోయి ఒక్క పేజీ కూడా చదవడానికి లేదు. సంక్రాంతికి ఫోన్ చేసి "నా కొలతలు మీ దగ్గరున్నాయిగా అమ్మా" అన్నవాళ్లకి మళ్లీ ఒకసారి రండి అని చెప్పాల్సి వచ్చింది, సగం మంది రానేలేదు. ఎవరివో పెళ్లి పట్టుచీరలు రంగు దిగితే ఆ డబ్బు మేమే కట్టుకున్నాం. నెలన్నర పని లేదు. రేషన్ షాపులో ప్రభుత్వం ఇచ్చిన 6,000 తీసుకున్నాం, కాదనను. కానీ ఇవన్నీ ఎక్కడ రాయాలి? అసలు ఇవి నష్టం కిందకి వస్తాయా?

పడుగుపాడు అబ్బాయి:
తప్పకుండా వస్తాయండి. నేను వరద సర్వేల్లో ఇంటింటికీ తిరిగినవాణ్ణి. విపత్తు తర్వాత ప్రపంచబ్యాంకు, ఐక్యరాజ్యసమితి వాళ్లు వాడే అంచనా పద్ధతిలో డ్యామేజ్ వేరు, లాస్ వేరు. వస్తువు పాడైతే డ్యామేజ్. అది లేనందువల్ల పోయిన సంపాదన, మీద పడ్డ ఖర్చు లాస్. మన ఫారాలు మొదటిదాని దగ్గరే ఆగిపోతాయి, అందుకే ఇంట్లో కూర్చుని పని చేసుకునే ఆడవాళ్ల నష్టం ఏ లెక్కలోనూ కనపడదు. ఇది చూసి చూసి నాకు కడుపు మండిపోతుంది.

మెషిన్‌కి కొన్నప్పటి ధర వెయ్యకండి, పాడైన రోజున అలాంటిదే కొనాలంటే ఎంతయ్యేదో అది వెయ్యండి. పనికి ఇలా లెక్క కట్టండి: ముందు ఏడాది అదే డిసెంబర్, జనవరిలో ఎన్ని జాకెట్లు కుట్టారు, వరద తర్వాత ఎన్ని కుట్టారు, ఆ తేడాని కూలితో గుణించి దారం, లైనింగ్, కరెంటు ఖర్చు తీసెయ్యండి. పట్టుచీరలకి కట్టిన డబ్బు విడిగా. అప్పు చేసి మెషిన్ కొని ఉంటే ఆ అసలు మళ్లీ రాయకండి, ఒకే నష్టం రెండుసార్లు పడిందని ఎవరైనా పట్టుకుంటే కాగితం మొత్తాన్నీ నమ్మరు. వడ్డీ మాత్రం రాయండి. బిల్లు లేనివాటికి కస్టమర్లు ఇద్దరి చేత సంతకం పెట్టించండి.

ఇంకోటి, రూపాయల పక్కనే అది ఎన్ని నెలల సంపాదనో కూడా రాయండి. కారు మునిగినాయన నష్టం ముందు మీ అత్తయ్యగారిది చిన్నగా కనిపిస్తుంది, కానీ ఎవరు ఎక్కువ మునిగారో నెలల్లో చూస్తేనే తెలుస్తుంది.

తాంబరం శ్రీను:
అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతా. ప్రతి లైన్లో "వాతావరణ మార్పు వల్ల" అని రాయకండి. 2015 డిసెంబర్ 1న మా తాంబరంలో 24 గంటల్లో 49 సెంటీమీటర్లు పడింది, అయినా ఆ వాన మీద శాస్త్రవేత్తలు చేసిన పరిశోధనలో మనుషుల వల్ల భూమి వేడెక్కడం దాన్ని పెంచిందని తేలలేదు, గాలిలో కాలుష్యం ఆ ప్రభావాన్ని కప్పేసి ఉండొచ్చని రాశారు. వేడెక్కిన గాలి తేమ ఎక్కువ పట్టుకుంటుంది, కుండపోత వానలు పెరుగుతాయి అన్నది నిజమే. కానీ ఒక్కో వానకీ విడిగా లెక్క తేల్చాలి, అది మన పని కాదు. పైగా మీ ఇంట్లోకి నీళ్లు రావడంలో వేళచ్చేరి చెరువు కుంచించుకుపోవడం, పళ్లికరణై చిత్తడి నేల మీద కట్టిన కట్టడాల పాత్రా ఉంది. మీరు తేదీ, నీటి ఎత్తు, ఎన్ని గంటలు నిలిచింది, ఇవి కచ్చితంగా రాయండి. అవి లేకపోతే రేపు ఎంత పెద్ద శాస్త్రవేత్త వచ్చినా దేన్ని దేనితో ముడిపెట్టాలో తెలియదు.

వేళచ్చేరి కోడలు:
చాలా థాంక్స్. వాతావరణ మార్పు వల్ల నష్టపోయిన పేద దేశాల కోసం లాస్ అండ్ డ్యామేజ్ నిధి అని వార్తల్లో వస్తుంది కదా, దాంట్లోంచి మాలాంటివాళ్లకి ఏమైనా వస్తుందా?

తాంబరం శ్రీను:
నేరుగా రాదక్కా. 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సులో ఒప్పుకున్నారు, 2023లో దుబాయ్ సదస్సు మొదటి రోజే అమల్లోకి తెచ్చారు. అది దేశాల మధ్య వ్యవహారం, మనం ఇంటి నుంచి దరఖాస్తు పెట్టుకునేది కాదు. కానీ ఏ దేశమైనా ఇంత పోయిందని చెప్పాలంటే కింద ఎవరో ఒకరు రాసి ఉండాలిగా.

ఇస్త్రీ బండి:
వరద గురించే అందరూ మాట్లాడతారు, ఎండ సంగతి కూడా రాయించండి. మా అమ్మ మైలాపూర్‌లో బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేస్తుంది. మే నెలలో పదకొండు దాటితే బండి దగ్గర నిలబడలేదు, సగం బట్టలు వెనక్కి పంపేస్తుంది. 2024లో తమిళనాడు వడగాలిని రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది, చనిపోతే పరిహారం ఉంది, మంచిదే. బతికుండి పని పోగొట్టుకున్న రోజులు మాత్రం ఎవరూ అడగరు. ఈ ఏడాది క్యాలెండర్ మీద అలాంటి రోజులకి నేనే సున్నా చుడుతున్నా.

వేళచ్చేరి కోడలు:
తమ్ముడూ, ఆ క్యాలెండర్ పారెయ్యకు. ఫారంలో ఇంకో రెండు గడులు గీశాను, "పోయిన పని రోజులు" అని ఒకటి, "నీటి ఎత్తు, నిలిచిన గంటలు" అని ఒకటి. సంఘం వాళ్లు ఒప్పుకున్నారు, ఆదివారం మా వీధిలో ఇరవై మూడు ఇళ్లకీ నేనే తిరుగుతున్నా. అత్తయ్య కొత్త కొలతల పుస్తకం మొదలుపెట్టారు, రోజూ రాత్రి ఆ పేజీలు నేను ఫోన్లో ఫొటో తీసి పెడుతున్నా. ఇల్లంతా రంగులేయించాం కదా, నీటి చార మెట్ల కింద గోడ మీద ఒక్కచోటే మిగిలింది. టేపు పెట్టి కొలిచాం, 94 సెంటీమీటర్లు.