కోటిపల్లి నుంచి కపిలేశ్వరపురానికి ఏటిగట్టు మీద నడక: దారి ఎలా ఉంటుంది?

ప్రశ్న: సంక్రాంతి తర్వాత నలుగురం కోటిపల్లి రేవు నుంచి గోదావరి పాయ గౌతమి వెంబడి కపిలేశ్వరపురం దాకా నడుద్దామనుకుంటున్నామండి. ఒకాయనకు అరవై దాటాయి. నీటి అంచునే వెళ్లొచ్చా? ఎంతసేపు పడుతుందో ఎలా లెక్కేసుకోవాలి?

జవాబు: నీటి అంచున వద్దండి, ఏటిగట్టు దిగకండి. వరదకు ఒడ్డు కింద మట్టి కోసుకుపోయి పైన గడ్డి మాత్రమే నిలిచి ఉంటుంది. కాలు పెడితే పెళ్లతో సహా నీళ్లలోకే. ఎగువకు నడుస్తారు కాబట్టి గోదావరి ఎప్పుడూ ఎడమచేతి వైపే ఉండాలి. కుడివైపు కూడా పాయ కనిపించిందంటే (పంటకాలువ కాదు, ఇసుక తిన్నెలున్న పాయ) లంకలోకి (ఏటి మధ్య దిబ్బలోకి) దిగిపోయారన్నమాట. వచ్చిన దారినే వెనక్కి రండి, అరటితోటల్లో అడ్డదారి వెతక్కండి.

రోడ్డు దూరం నమ్ముకోవద్దు. గట్టు ఏటి ఒంపులతో పాటే తిరుగుతుంది. ఫోన్ మ్యాపులో గట్టు వెంటే చుక్కలు పెట్టి కొలవండి. పెద్దాయనతో గంటకు 3 కిలోమీటర్లే లెక్క.

ఇంకొకరు: జనవరిలో తెల్లవారుజామున మంచు కమ్ముతుంది. గట్టు మీద ట్రాక్టర్లు తిరుగుతాయి, ఎదుటి మనిషి కనపడేదాకా ఆగి బయల్దేరండి. పడమరకు నడక కాబట్టి పొద్దున ఎండ వీపు మీదే ఉంటుంది. మనిషికి 2 లీటర్ల నీళ్లు ఉంచుకోండి.

అడిగినవారు: దారిలో స్నానం చేయొచ్చా అండి?

జవాబు: మెట్లున్న రేవుల్లో, ఊరివాళ్లు దిగేచోట మాత్రమే. ఇసుక తీసిన గోతులు నీటి కింద కనపడవు. మోకాలిలోతులో ఉన్నామనుకుంటే తర్వాతి అడుగుకు నేల అందదు. ఈత వచ్చినా సరే, కొత్తచోట దిగొద్దు.

మరొకరు: వానాకాలంలో వెళ్లేవాళ్లకు కూడా చెబుతున్నాను. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి వరద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరిక కూడా రాకముందే పల్లపు లంకలకు వెళ్లే కాజ్‌వేలు (ఎత్తు తక్కువ దాటుబాటలు) మునిగిపోతాయి. వరదలో ఆవలి ఒడ్డున ఉన్న ముక్తేశ్వరం వైపు పంటు (ఏరు దాటించే పడవ) ఆపేస్తారు, ఆవలి ఒడ్డుకు దాటి తిరిగొద్దామనే ఆలోచన పెట్టుకోకండి.

గట్టు వాలులో గడ్డి ఏపుగా ఉన్నచోట రక్తపింజర ఉండొచ్చు. చీలమండ దాటే బూట్లు వేసుకుని మధ్య బాటలోనే నడవండి. కరిస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు. కాలు కదలకుండా ఉంచి, నడిపించకుండా బండి మీద విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. 108కు ఫోన్ చేసేటప్పుడు చెప్పడానికి దాటొచ్చిన ఊరి పేరు గుర్తుంచుకోండి.