చిన్న సిరామిక్ బొగ్గుల గ్రిల్ మీద అండర్‌కట్ రోస్ట్: మొదటిసారి పాడైంది, రెండోసారికి సాయం చేయండి

మౌలాలి_మేడ:

అందరికీ నమస్కారం. మా పై ఫ్లాట్‌వాళ్ళు ఊరు మారుతూ గుడ్డు ఆకారంలో ఉండే చిన్న సిరామిక్ గ్రిల్ మాకు తక్కువకు ఇచ్చి వెళ్ళారు. జాలీ అడ్డంగా 13 అంగుళాలు. కింద ఒక గాలి కిటికీ, మూత మీద ఇంకోటి, మూతకే వేడి చూపించే ముల్లు. డాబా మీద పెట్టుకున్నాం.

మొన్న ఆదివారం చర్చి నుంచి రాగానే మొదలుపెట్టాం. కిలో నాలుగు వందల గ్రాముల పెద్ద కూర (బీఫ్) అండర్‌కట్, అంటే నడుము దగ్గరి మెత్తని కండ. ముందురోజు రాత్రే అల్లం వెల్లుల్లి, పెరుగు, కారం, పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి ఫ్రిజ్‌లో పెట్టాను. బొగ్గు ఎంతకీ అంటుకోకపోతే మా ఆయన కాస్త కిరోసిన్ పోశారు. ముక్క జాలీ మీద పట్టక వంచి పెట్టాం. చూస్తుండగానే ముల్లు 250 దాటింది. ఏమవుతోందోనని మూత ఒక్కసారిగా ఎత్తేసరికి మంట భగ్గున లేచి ఆయన ముంజేతి మీద వెంట్రుకలన్నీ కాలిపోయాయి. అమెరికా వీడియోలో చెప్పినట్టు 50 నిమిషాలు ఉంచి తీశాం. బయట నలుపు, లోపల బూడిద రంగు, పైన ఒక వేలి మందం వరకు పిండిలా రాలిపోతోంది. పైగా కిరోసిన్ వాసన. మామయ్య రెండు ముక్కలు తిని "పర్లేదమ్మా, బాగానే ఉంది" అన్నారు. ఆయన అలా అన్నందుకే నాకు ఇంకా బాధేసింది.

వచ్చే నెల 14న అత్తయ్య, మామయ్యల పెళ్ళయి 40 ఏళ్ళు. మామయ్య రైల్వేలో చేసేటప్పుడు లాలాగూడలో ఆంగ్లో ఇండియన్ స్నేహితుల ఇళ్ళల్లో క్రిస్మస్‌కి తిన్న రోస్ట్ గురించి ఇప్పటికీ చెప్తారు. ఆయనకు అది ఒక్కసారి సరిగ్గా చేసి పెట్టాలని నా కోరిక. ఎంత వేడి, ఎంతసేపు, ఎక్కడ తప్పు చేశాను? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

మెట్టుగూడ_పొయ్యి:

చెల్లెమ్మా, నేను హోటల్ కిచెన్‌లో గ్రిల్ దగ్గర 19 ఏళ్ళు నిలబడ్డాను. మీరు రాసింది చదువుతుంటే ఆ ముక్క కళ్ళ ముందు కనబడింది. అండర్‌కట్ పాడైతే నాకు నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది. ఒక పశువుకు రెండే ఉంటాయి. వెన్నెముకకు లోపలివైపు, నడుము దగ్గర అంటిపెట్టుకుని ఉండే కండ అది. నడకలో పెద్దగా కష్టపడదు, అందుకే అంత మెత్తగా ఉంటుంది. మెత్తగా పుట్టిన ముక్కకు బొప్పాయి దేనికి? బొప్పాయి పాలలో ఉండే పెపైన్ మాంసాన్ని విరగ్గొడుతుంది. కబాబుకు, గట్టి కండకు అది కావాలి. అండర్‌కట్‌కు రాత్రంతా పట్టిస్తే పైభాగం పిండి అయిపోతుంది. మీకు రాలిపోయింది అదే.

రెండో సంగతి. ఆ వీడియోలు ఆవు జాతి మాంసానికి, అదీ కండ మధ్యలో కొవ్వు గీతలున్న దానికి చెప్పినవి. మన దగ్గర ఆవును కోయడానికి చట్టం ఒప్పుకోదు, షాపుల్లో దొరికే పెద్ద కూర ఎక్కువగా బర్రెది, దున్నది. దీంట్లో కొవ్వు తక్కువ, రంగు ముదురు, త్వరగా ఉడుకుతుంది, త్వరగా ఎండుతుంది. కాబట్టి వాళ్ళ నిమిషాలు మనకు పనికిరావు. రంగు చూసి కూడా నిర్ణయించకండి. మాంసంలో గుచ్చే థర్మామీటర్ ఒకటి కొనండి. కొన్నాక గ్లాసు నిండా ఐసు ముక్కలు, కొంచెం నీళ్ళు పోసి అందులో పెట్టి చూడండి, సున్నా చూపించాలి. మరిగే నీళ్ళలో పెట్టి 100 రాలేదని కంగారు పడొద్దు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది, ఇక్కడ నీళ్ళు 98 దగ్గరే మరుగుతాయి.

ఇక గ్రిల్. ఈ గుడ్డు ఆకారపు గ్రిల్‌ను కమాడో అంటారు, జపాన్‌వాళ్ళ మాటలో పొయ్యి అని. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడున్న అమెరికా సైనికులు ముచ్చటపడి ఇంటికి తీసుకెళ్ళిన వస్తువు ఇది. పనిచేసే పద్ధతి మన ఇరానీ హోటళ్ళ నాన్ భట్టీ లాంటిదే: మందపాటి గోడ వేడిని తాగి పట్టి ఉంచుతుంది. అందుకే ఒకసారి 250కి వెళ్ళిందంటే గంట దాకా కిందికి రాదు. కింద నుంచి మెల్లగా ఎక్కాలి. మీకు కావాల్సింది 115 డిగ్రీలు. ముల్లు 90కి రాగానే కింది కిటికీ ఒక వేలి మందం మాత్రమే తెరిచి ఉండేలా మూసేయండి, పైది సన్నని చీలికంత ఉంచండి. తర్వాత పావుగంట దాని జోలికి పోకండి. ఊరికే తిప్పుతూ ఉంటేనే అది ఎగిరి పడుతుంది.

కిరోసిన్ మళ్ళీ ముట్టుకోవద్దు. సిరామిక్ వాసన పీల్చుకుంటుంది. మాంసం లేకుండా కిటికీలు బాగా తెరిచి ఒక గంట గట్టిగా మండించండి, చాలావరకు పోతుంది. లోపల నీళ్ళు పోసి కడగొద్దు, చెమ్మ పట్టిన గోడ వేడికి పగులుతుంది. అంటించడానికి కొబ్బరి పీచు చాలు. పిడికెడు పీచు మధ్యలో పెట్టి, దాని మీద నాలుగు బొగ్గులు పేర్చి అంటించండి. ఒక్క చోటే అంటుకోవాలి, అప్పుడే మంట మన చేతిలో ఉంటుంది.

బొగ్గు ఇస్త్రీ బండ్లవాళ్ళు కొనే దుకాణంలోదే తెచ్చుకోవచ్చు, కానీ ఏరుకోవాలి. కమలాపండంత ముక్కలు అడుగున, చిన్నవి పైన. పొడి అస్సలు వద్దు, గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. మీకు బొగ్గు అంటుకోకపోవడానికి అదే కారణం అయ్యుంటుంది. మొదట వచ్చే తెల్లటి మందపు పొగలో ముక్క పెడితే చేదెక్కుతుంది. పొగ పలచబడి కనబడీ కనబడనట్టు అయ్యేదాకా ఆగండి, అరగంట పైనే పడుతుంది.

చిన్న గ్రిల్‌లో నిప్పుకూ జాలీకీ దూరం తక్కువ. మధ్యలో అడ్డు లేకపోతే అడుగు మాడుతుంది. నేను ఇంట్లో పూలకుండీ కింద పెట్టే మట్టి పళ్ళెం వాడతాను, రంగు వేయనిది, పూర్తిగా ఎండినది. దానికి ఫాయిల్ చుట్టి బొగ్గు మీద అంచున ఆనిస్తాను, చుట్టూ రెండు వేళ్ళ సందు ఉండాలి. కాల్చే వేడికి ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది, ఇంకోటి తెచ్చుకుంటాను. గ్రానైట్ ముక్క మాత్రం పెట్టకండి. పత్థర్ కా గోష్ట్ చేసేవాళ్ళు రాయిని ఏళ్ళ తరబడి చూసుకుని వాడతారు, కొత్త రాయి ఎప్పుడు చిట్లుతుందో చెప్పలేం.

మంట లేచిన సంగతి: మూతేసిన పొయ్యికి గాలి కరువవుతుంది. ఒక్కసారి తెరిస్తే గాలి దూసుకెళ్ళి భగ్గుమంటుంది. రెండు అంగుళాలు ఎత్తి, పది అంకెలు లెక్కపెట్టి, అప్పుడు పూర్తిగా తెరవండి. మీ ఆయనకు చెప్పండి, ఇది మర్చిపోకూడదు.

పాతబస్తీ_కొట్టు:

అన్న చెప్పినదానికి కొనడం గురించి ఒక మాట కలుపుతా. మాది మూడు తరాల నుంచి మాంసం దుకాణమే. అండర్‌కట్ పొద్దున్నే హోటళ్ళకు వెళ్ళిపోతుంది, ఒక రోజు ముందే చెప్పి పెట్టుకోండి. తూకం అవ్వగానే కత్తి కింద పడకముందే "ముక్కలు కొట్టొద్దు, నిండుగా కావాలి" అని అనండి. చెప్పకపోతే అలవాటుగా కూరకు కొట్టేస్తారు, నా తమ్ముడే ఎన్నిసార్లు కొట్టాడో. ఆ పొద్దున కోసింది అదే రోజు కాల్చకండి, కండ బిగుసుకుని ఉంటుంది. ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటే సడలుతుంది.

పైన వెండి రంగులో మెరిసే పొర ఉంటుంది, మేం జిల్లీ అంటాం. అది ఎంత కాల్చినా కరగదు, బిగుసుకుని ముక్కను వంకర తిప్పుతుంది. సన్నని కత్తి మొనను పొర కిందికి పోనిచ్చి, కొస వేళ్ళతో లాగి పట్టుకుని, కత్తి అంచు పైకి వాల్చి జరుపుతూ పోండి. రిబ్బన్‌లా వస్తుంది. పక్కన తాడులా వేలాడే సన్నని కండ కూడా తీసేయండి, అది ఖీమాకు బాగుంటుంది.

మౌలాలి_మేడ:

ఇద్దరికీ చాలా థాంక్స్. నాకు తెలియక చేసిన పనులన్నీ ఒక్కొక్కటీ అర్థమవుతున్నాయి. ఇంకో టెన్షన్ ఉంది. మామయ్యకు 68, షుగర్ ఉంది. నేనూ, మా మరిది లోపల కాస్త ఎర్రగా ఉన్నా తింటాం, పెద్దవాళ్ళకు అలా పెట్టొచ్చా? ముక్క పొడవు కూడా జాలీకి ఎక్కువే.

వార్డు_అక్క:

నేను నర్సుని. చిన్నపిల్లలకు, గర్భిణులకు, పెద్దవయసు వాళ్ళకు, షుగర్ ఉన్నవాళ్ళకు ఎర్రగా పెట్టకండి. ఖీమా కొట్టని నిండు ముక్కకు అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క లోపల 63 డిగ్రీలు, తీశాక 3 నిమిషాలు ఆగడం. వాళ్ళ దగ్గర కబేళా నుంచి దుకాణం దాకా చల్లగా వస్తుంది, మన దగ్గర చాలాచోట్ల కొక్కేనికి వేలాడుతుంది. ఆ తేడా గుర్తుపెట్టుకోండి. పచ్చి మాంసం కోసిన పలక మీదే కాల్చింది కోయొద్దు. రోస్ట్‌ను ఎండాకాలం డాబా మీద గంటలు గంటలు వదిలేయొద్దు.

మెట్టుగూడ_పొయ్యి:

అక్క మాటే ఖాయం చేసుకోండి. నేను 55కి మించి ఇష్టపడను, కానీ అది నా నాలుక సంగతి. మీ ఇంట్లో మామయ్య ఆరోగ్యం ముఖ్యం. పైగా దీనికి దారి మీ చిన్న జాలీలోనే ఉంది. సన్నని తోక భాగం కోసి పక్కన పెట్టండి, అది మిరియాల వేపుడుకు. మిగిలిన లావు భాగాన్ని అడ్డంగా రెండు చేయండి. ఒకటి పెద్దవాళ్ళది, ఒకటి మీది.

ముందురోజు రాత్రి కిలోకు 10 గ్రాముల ఉప్పు రుద్ది, మూత లేకుండా ఫ్రిజ్‌లో జాలీ మీద పెట్టండి. పైభాగం ఆరితే రంగు బాగా వస్తుంది. దంచిన మిరియాలు, కాస్త వెల్లుల్లి కాల్చేముందు చాలు. రెండు అంగుళాలకొక చోట దారంతో కట్టండి, గుండ్రంగా ఉంటే అంతటా ఒకేలా ఉడుకుతుంది. థర్మామీటర్ మొన సరిగ్గా మధ్యలోకి దిగాలి. 115 వేడిలో 30 నిమిషాల నుంచే చూడడం మొదలుపెట్టండి. మీ ముక్క 48కి తీసేయండి, పెద్దవాళ్ళది 57కి. తర్వాత మట్టి పళ్ళెం పట్టకారుతో తీసి, కిటికీలు పూర్తిగా తెరిచి, నిప్పులు ఎర్రగా కణకణలాడేటప్పుడు ఒక్కో పక్క ఒక్కో నిమిషం తిప్పండి. దించాక లోపలి వేడి ఇంకా కొన్ని డిగ్రీలు ఎక్కుతుంది. పెద్దవాళ్ళది 63 చూపించి, 3 నిమిషాలు ఆగాకే కోయండి, చూపించకపోతే మళ్ళీ కాసేపు పెట్టండి. మెల్లగా ఎక్కించిన ముక్క 63లో కూడా రసం పెద్దగా వదులుకోదు. 70 దాటితే మాత్రం కండ పిండేసినట్టయి నీరంతా బయటికి వచ్చేస్తుంది, దీన్ని కాపాడడానికి కొవ్వు కూడా ఉండదు.

మౌలాలి_మేడ:

నిన్న 14. రాత్రి ఒంటిగంట వరకు నిద్ర పట్టలేదు, పొద్దున్నే రాస్తున్నాను.

కొబ్బరి పీచు మొదటి అగ్గిపుల్లకే అంటుకుంది. ముల్లు 118 దగ్గర ఆగింది, కదల్లేదు. నేను పక్కనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మా ఆయన రెండుసార్లు కిటికీ తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. మా ముక్క 41 నిమిషాలకు 48 చూపించింది, పెద్దవాళ్ళది 57కి రావడానికి ఇంకో 14 నిమిషాలు పట్టింది. మూత రెండు అంగుళాలు ఎత్తి పది లెక్కపెట్టాను, మంట లేవలేదు. నిప్పుల మీద తిప్పేటప్పుడు మిరియాలు చిటపటమంటూ కింది ఇంటివాళ్ళదాకా వాసన వెళ్ళింది. పెద్దవాళ్ళ ముక్క దించినప్పుడు 60 ఉంది, ఏడు నిమిషాల్లో 64కి ఎక్కింది.

దారం కోసి మొదటి ముక్క తీసేసరికి అంచున సన్నగా గోధుమ రంగు, లోపలంతా లేత గులాబీ, పలక మీద చెంచాడు రసం మాత్రమే. ఆ రసంలోనే నెయ్యి, మిరియాల పొడి వేసి గిన్నెలో పోశాను. మామయ్య కొస ముక్క అడిగారు, నల్లగా కాలిన చివర. నమిలి, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అత్తయ్య వైపు తిరిగి, పెళ్ళయిన మొదటి క్రిస్మస్‌కి లాలాగూడలో ఎవరింటికి వెళ్ళారో, అక్కడ ఆవిడ చీర మీద గ్రేవీ ఎలా ఒలికిందో చెప్పడం మొదలుపెట్టారు. ఆ మాట నేను ఇన్నేళ్ళలో వినలేదు. అత్తయ్య "చీర ఆకుపచ్చది" అని సరిచేశారు.

అన్నా, కిటికీలు రెండూ మూసేస్తే పొద్దుటికి సగం బొగ్గు అలాగే మిగిలి ఉంది. దాన్నే మళ్ళీ వాడుకోవచ్చా? తోక ముక్క ఫ్రిజ్‌లో ఉంది, ఈ రాత్రి వేపుడు చేస్తాను.

మెట్టుగూడ_పొయ్యి:

వాడుకోవచ్చు చెల్లెమ్మా. ఒకసారి కదిలించి బూడిద రాల్చండి, పాతది పైన, కొత్తది అడుగున. తోక ముక్కను కండ పోగులకు అడ్డంగా వేలంత సన్నగా కోయండి. పెనం పొగ వచ్చేదాకా కాలాక వేయండి, ముక్కల్లో ఎర్రదనం పోగానే దించేయండి. కరివేపాకు చివర్లో.