కొత్త ప్లాంటెడ్ ట్యాంక్‌లో గోధుమరంగు నాచు, మందు వేయొచ్చా?

కూకట్‌పల్లి_ఆక్వా:
అందరికీ నమస్తే. నాది మొక్కలు పెంచే రెండడుగుల అక్వేరియం ట్యాంక్, సుమారు 60 లీటర్లు పడుతుంది. అడుగున ఆక్వాసాయిల్ (మొక్కల కోసం పోషకాలున్న మట్టి) వేసి అనూబియాస్, జావా ఫెర్న్ మొక్కలు పెట్టాను, ముందువైపు కొంచెం మాంటే కార్లో అనే పాకే మొక్క. లైట్ పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా వెలుగుతుంది. పెట్టి ఇంకా నెల కాలేదు. అద్దాలకీ ఆకులకీ గోధుమరంగు పొడి పడుతోంది. వేలితో రుద్దితే పోతుంది, మళ్లీ వస్తుంది. షాపులో నాచు పోవడానికి మందు ఇచ్చారు. వేస్తే మొక్కలు పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. చేపలు ఇంకా వేయలేదు.

నీటితోట:
మందు పక్కన పెట్టేయండి బ్రదర్. రుద్దగానే పోతోందంటే అవి డయాటమ్స్, అంటే గోధుమరంగు సూక్ష్మ నాచు. కొత్త ట్యాంక్‌లో చాలామందికి వస్తాయి, ట్యాంక్ కుదురుకున్నాక వాటంతటవే తగ్గుతాయి. కొన్ని మందుల్లో రాగి ఉంటుంది. రేపు మీరు రొయ్యలు వేయాలనుకుంటే అది వాటికి విషం.

అసలు సంగతి వేరే ఉంది. ఆక్వాసాయిల్ మొదటి వారాల్లో అమ్మోనియా వదులుతుంది. దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా మీ ఫిల్టర్‌లో ఇంకా సరిగ్గా పెరగలేదు. అనూబియాస్, జావా ఫెర్న్ చాలా నిదానంగా పెరుగుతాయి, నీళ్లలో ఉన్న పోషకాలన్నీ అవి లాగలేవు. పైగా పన్నెండు గంటల లైట్. మిగిలిందంతా నాచుకే పోతోంది.

అందుకే ముందు ఒక టైమర్ ప్లగ్ కొని లైట్ ఆరు గంటలకు దించండి. తర్వాత గబగబా పెరిగే మొక్కలు నింపండి: హైగ్రోఫిలా, వాటర్ విస్టేరియా, హార్న్‌వర్ట్, ఏది దొరికితే అది. అందానికి కాదు, పోషకాలు లాగేయడానికి. పైన కొంచెం సాల్వీనియా తేలనిస్తే నీడా వస్తుంది. ట్యాంక్ కుదిరాక ఇవన్నీ తీసేయొచ్చు. తీసినవాటిని ఎండబెట్టి చెత్తలో వేయండి, దయచేసి చెరువులో మాత్రం పడేయకండి. మన చెరువులకు గుర్రపుడెక్క బాధ చాలు.

ఇంకొకటి, అనూబియాస్ దుంపకాండాన్ని మట్టిలో పూడ్చి ఉంటే పైకి తీసి రాయికో కర్రకో దారంతో కట్టండి. పూడిస్తే కుళ్లుతుంది, కుళ్లితే మళ్లీ అమ్మోనియానే.

బెజవాడ_గప్పీ:
పై అన్నయ్య చెప్పినదానికి తోడు, వారానికి రెండుసార్లు సగం నీళ్లు మార్చండి. ముందు పాత టూత్‌బ్రష్‌తో ఆకులు మెల్లగా తుడిచి, తేలిన పొడిని పైపుతో లాగేయండి. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ తీసే ద్రావణం కలపాలి, లేకపోతే ఫిల్టర్‌లో పెరుగుతున్న బ్యాక్టీరియా దెబ్బతింటుంది. నెరైట్ నత్తలు డయాటమ్స్‌ను బాగా తింటాయి. కానీ నీళ్ల టెస్ట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా వేయకండి, పాపం చచ్చిపోతాయి.

కూకట్‌పల్లి_ఆక్వా:
చాలా థ్యాంక్స్. అనూబియాస్ పూడ్చే పెట్టాను, ఇవాళే తీసి కడతాను. నాకు మొక్కలకు ఇచ్చే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ లేదు. ఆరు గంటల లైట్‌తో మాంటే కార్లో బతుకుతుందా?

నీటితోట:
బతుకుతుంది, కాకపోతే పాకడానికి నెలలు పడుతుంది. దాని కోసం లైట్ పెంచారంటే ఈసారి ఆకుపచ్చ దారాల్లాంటి నాచు పట్టుకుంటుంది, దాన్ని వదిలించడం డయాటమ్స్ కంటే చాలా కష్టం. సాల్వీనియా దాని మీదికి రాకుండా ముందువైపు ఖాళీగా ఉంచండి. కొత్త చిగుళ్లు శుభ్రంగా వస్తున్నాయని చూశాకే వారానికి అరగంట చొప్పున లైట్ పెంచుకోండి.