సెలవు చీటీ కూడా రాయలేకపోయాను: ఇంగ్లీషు వాక్యం ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
నాది పదో తరగతి దాకా తెలుగు మీడియమే, ఇంటర్‌తో చదువు ఆపేశారు. మా బాబు మూడో తరగతి, ఇంగ్లీషు మీడియం. మొన్న జ్వరంతో రెండు రోజులు బడి మానేస్తే సెలవు చీటీ రాసి పంపమన్నారు. అరగంట కూర్చుని ఇలా రాశాను: "మై సన్ టు యెస్టర్‌డే ఫీవర్ కేమ్." వాడు చదివి "అమ్మా, ఇది తెలుగే కదా" అన్నాడు. ముందు నవ్వొచ్చింది, తరవాత ఏడుపొచ్చింది. మాటలన్నీ తెలుసు, వరసే తెలీదు. గ్రామర్ పుస్తకం కొంటే మొదటి పేజీలోనే నౌన్, ప్రొనౌన్ అంటూ ఎనిమిది పేర్లు. అవి బట్టీ పట్టేను. వాక్యం మాత్రం రాలేదు. మీరంతా ఎలా నేర్చుకున్నారు?

మూడులాంతర్లు (విజయనగరం):
మీ బాబు చెప్పింది నిజమేనండి. మీరు రాసింది తెలుగు వాక్యమే, మాటలు మాత్రం ఇంగ్లీషువి. మనకి క్రియ చివర్న వస్తుంది, వాళ్లకి కర్త పక్కనే రావాలి. నాకు ఈ సంగతి డిగ్రీలో గానీ బుర్రకెక్కలేదు. "పిల్లి ఎలకని పట్టింది", "ఎలకని పిల్లి పట్టింది": ఎలా తిప్పినా పట్టింది పిల్లే. ఎందుకంటే ఎలకకి "ని" అంటుకుని ఉంది. ఇంగ్లీషులో అలా అంటుకునేదేమీ లేదు, కూర్చున్న చోటే విభక్తి. "ద క్యాట్ కాట్ ద ర్యాట్" అన్నదాన్ని తిప్పి "ద ర్యాట్ కాట్ ద క్యాట్" అన్నారనుకోండి, పిల్లి పని అయిపోయినట్టే.
మీ చీటీ: "మై సన్ హ్యాడ్ ఫీవర్ యెస్టర్‌డే." ఎవరు, ఏం జరిగింది, ఎప్పుడు. ఎక్కడ, ఎప్పుడు అనేవి చివరికి నెట్టేస్తే చాలామటుకు తప్పు రాదు.

బొబ్బిలి కోడలు:
నాగావళి గారూ, మీ చీటీలో ఆ "టు" ఎక్కణ్ణుంచొచ్చిందో నాకు తెలుసు! "మా బాబుకి"లో "కి" అది. నేనూ ఇలాగే దెబ్బతిన్నాను. ఒక ఆస్పత్రిలో రిసెప్షన్ ఉద్యోగానికి వెళ్తే పిల్లలున్నారా అని అడిగారు. "టు మీ టూ చిల్డ్రన్" అన్నాను. వాళ్లు నవ్వలేదు గానీ ఉద్యోగమూ ఇవ్వలేదు.
తరవాత కూర్చుని ఒక కాగితం మీద "నాకు"తో మొదలయ్యేవన్నీ రాసుకున్నాను. నాకు ఇద్దరు పిల్లలు: ఐ హ్యావ్ టూ చిల్డ్రన్. నాకు ఆకలేస్తోంది: ఐ యామ్ హంగ్రీ. నాకు తెలుసు: ఐ నో. నాకు ఈ చీర నచ్చింది: ఐ లైక్ దిస్ శారీ. అన్నీ "ఐ"లే! మన భాషలో జ్వరమూ ఆకలీ మన దగ్గరికి వస్తాయి, మనం ఊరికే కూర్చుంటాం. ఇంగ్లీషులో అన్నిటికీ మనమే ముందు నిలబడాలి. ఆ కాగితం ఇప్పటికీ బీరువా తలుపుకి అంటించే ఉంది.

టెక్కలి తమ్ముడు:
అప్పా, ఇంకోటి. "మా నాన్న రైతు" అంటే మనకి వాక్యం అయిపోయింది. వాళ్లకి అవదు, "మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్" అనాల. ఈజ్ లేకపోతే వాక్యం కుంటిదే. ముందు కుర్చీ కూడా ఖాళీగా ఉండకూడదు. "వాన పడతంది"కి "ఇట్ ఈజ్ రెయినింగ్" అంటారు కదా, ఆ ఇట్ ఎవరో ఇప్పటికీ నాకు తెలీదు 😀
నామట్టుకు గ్రామర్ దండగ. సినిమాలు చూడండి, అదే వచ్చీస్తది.

బొబ్బిలి కోడలు:
సినిమాలు చూస్తే అర్థం చేసుకోవడం వస్తుంది తమ్ముడూ, చీటీ రాయడం రాదు.

పలాస పప్పు:
మా సార్ ఒక చిట్కా చెప్పేవారు. మన వైపు "తిన్నాను" వేరు, "తినీసాను" వేరు కదా. తిన్నాను అంటే "ఐ ఏట్", తినీసాను అంటే "ఐ హ్యావ్ ఈటెన్" అని. నాకు బాగా పనికొచ్చింది.

రిటైర్డు మాస్టారు (ఆమదాలవలస):
చిట్కా బాగుంది గానీ సగమే నిజం బాబూ. "నిన్ననే తినీసాను" అని మనం హాయిగా అంటాం. ఇంగ్లీషులో "ఐ హ్యావ్ ఈటెన్ ఇట్ యెస్టర్‌డే" అనకూడదు. నిన్న, పోయిన వారం అని కాలం చెప్పేశాక హ్యావ్ పెట్టరు, "ఐ ఏట్ ఇట్ యెస్టర్‌డే" అనే అనాలి. ముప్ఫయ్యేళ్లు ఎర్రసిరాతో దిద్దిన తప్పుల్లో ఇదొకటి.
రెండోది "డిడ్ యు వెంట్". దీనికి మాత్రం మన తెలుగే మందు. "వెళ్లాను" అంటారు, కాదనాలంటే "వెళ్లలేదు" అంటారు. "వెళ్లాను లేదు" అని ఎవరైనా అంటారా? "లేదు" వచ్చేసరికి "వెళ్లాను" తన కాలాన్ని వదిలేసి వట్టి "వెళ్ల" అయిపోయింది. అక్కడా అంతే: డిడ్ వచ్చాక వెంట్ ఉండదు, గో అయిపోతుంది. "డిడ్ నాట్ గో", "డిడ్ యు గో". పిల్లలకి ఇలా చెప్పాక ఆ తప్పు సగానికి సగం తగ్గింది.
చెల్లెమ్మా, ఎనిమిది పేర్లు బట్టీ పట్టానన్నావు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలోనే పుట్టారు. కొండల్లో ఉండే సవర గిరిజనుల భాషకి పుస్తకాలూ లిపీ లేని రోజుల్లో సవరలతో మాట్లాడి ఆ భాష నేర్చుకున్నారు, వ్యాకరణం ఆ తరవాతే రాశారు. అది అచ్చయ్యేసరికి 1931. నువ్వూ ముందు రోజుకి అయిదు వాక్యాలు మీ బాబుతో పైకి అను. పేర్లు తరవాత చూసుకోవచ్చు.

పలాస పప్పు:
మాస్టారూ, "నువ్వు మీ నాన్నకి ఎన్నో కొడుకువి" ఇంగ్లీషులో ఎలా అడగాలి?

రిటైర్డు మాస్టారు:
ఆ "ఎన్నో"కి అచ్చంగా సరిపోయే ఒక్క మాట అక్కడ లేదు. "ఆర్ యు ద ఎల్డెస్ట్" అని అడిగి, కాదంటే మళ్లీ అడుక్కోవాలి.

టెక్కలి తమ్ముడు:
చూశారా, ఇక్కడ మన తెలుగే గెలిచింది.

నాగావళి గట్టు:
అందరికీ చాలా థాంక్స్. రాత్రి మళ్లీ రాశాను: "మై సన్ హ్యాడ్ ఫీవర్ ఆన్ మండే అండ్ ట్యూస్‌డే. హీ డిడ్ నాట్ కమ్ టు స్కూల్. ప్లీజ్ గ్రాంట్ హిమ్ లీవ్." బాబు చదివి ఏమీ అనకుండా బ్యాగులో పెట్టేసుకున్నాడు. మాస్టారూ, ఒక్క అనుమానం. "హ్యాడ్ ఫీవర్" అనాలా, "హ్యాడ్ ఎ ఫీవర్" అనాలా?

రిటైర్డు మాస్టారు:
"ఎ" ఉంటే మేలు. లేకపోయినా ఆ టీచరు చీటీ వెనక్కి పంపరు. పిల్లాడికి జ్వరం తగ్గిందా?